స్పోర్ట్స్ కారు సైడ్ గ్లాస్ దెబ్బతింటే: ఏది ఉంచుకోవచ్చు, ఏది మార్చక తప్పదు

ఫోర్డ్ మస్టాంగ్ లాంటి రెండు తలుపుల స్పోర్ట్స్ కారు హ్యాండిల్ పట్టుకుని లాగితే, తలుపు తెరుచుకునే ముందు ఒక చిన్న పని జరుగుతుంది. డోర్ అద్దం దానంతట అదే వేలి మందం మేర కిందికి దిగుతుంది. తలుపు వేయగానే మళ్లీ పైకి లేచి, కప్పు అంచున ఉన్న రబ్బరు గాడిలోకి దూరి కూర్చుంటుంది. మామూలు కారులో అద్దం చుట్టూ ఫ్రేమ్ ఉంటుంది, తలుపుతో పాటు ఆ ఫ్రేమే వచ్చి మూసుకుంటుంది. మస్టాంగ్, పోర్షే 911, బీఎండబ్ల్యూ జెడ్4, ఆడి టీటీ లాంటి వాటిలో ఆ ఫ్రేమ్ లేదు. తలుపు తెరిస్తే అద్దం అంచు బోడిగా నిలబడి ఉంటుంది. గాలిని, వానను, చప్పుడును ఆపే భారమంతా ఆ బోడి అంచు మీదే ఉంటుంది.

అందుకే ఈ కార్లలో సైడ్ గ్లాస్‌కు దెబ్బ తగిలినప్పుడు అది ఎంత పెద్దది అన్నది మొదటి ప్రశ్న కాదు. ఎక్కడ తగిలింది, ఎంత లోతుకు దిగింది, అసలు అది ఏ రకం అద్దం అన్న మూడూ తెలిస్తే గానీ మార్చాలా వద్దా అన్నది తేలదు. చాలామంది ముందు అద్దం గురించి విన్న సలహానే ఇక్కడా వాడేస్తారు. చిన్న పెచ్చే కదా, రెసిన్ అనే గట్టిపడే జిగురు నింపిస్తే సరిపోతుంది అనుకుంటారు. పిడుగుకీ బియ్యానికీ ఒకటే మంత్రం పనికిరాదు. ముందు అద్దం, పక్క అద్దం తయారయ్యే తీరే వేరు.

ముందు అద్దం రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర పెట్టి అతికించిన లామినేటెడ్ గాజు. ఫ్రాన్స్‌కు చెందిన ఎడువార్ బెనెడిక్టస్ 1909లో పేటెంట్ తీసుకున్న ఆలోచన ఇది. రాయి తగిలితే పై పలక చిట్లుతుంది, మధ్య పొర దాన్ని పట్టుకుని ఉంచుతుంది. ఆ చిట్లిన సందులోకి రెసిన్ పంపడానికి వీలుంటుంది. డోర్ అద్దం అలా కాదు. చాలా కార్లలో అది ఒకే పలక, టెంపర్డ్ గాజు. ముందుగానే కావలసిన ఆకారంలో కోసి, అంచులు సానబట్టి, బెజ్జాలు వేసి, ఆ తర్వాత 620 నుంచి 650 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి చేసి, గాలి జెట్లతో ఒక్కసారిగా చల్లారుస్తారు. పైభాగం ముందు బిగుసుకుంటుంది. లోపలి భాగం ఆలస్యంగా చల్లారుతూ ముడుచుకోబోతే, అప్పటికే గట్టిపడిన పైపొర అడ్డుపడుతుంది. దాంతో పైపొరలు జీవితాంతం నొక్కుడులోనూ, లోపలి గాజు లాగుడులోనూ ఉండిపోతాయి. మామూలు గాజు కంటే నాలుగైదు రెట్లు బలం వచ్చేది ఆ నొక్కుడు వల్లే.

ఆ నొక్కుడు పొర మందం ఒక్కో వైపు గాజు మొత్తం మందంలో ఐదో వంతు ఉంటుంది. 4 మిల్లీమీటర్ల డోర్ అద్దంలో అంటే సుమారు 0.8 మిల్లీమీటర్లు. మిగతా విషయమంతా ఈ అంకె చుట్టూనే తిరుగుతుంది. గీత గానీ పెచ్చు గానీ ఆ పొర పైపైనే ఆగిపోతే అద్దం నిలబడుతుంది. పొర దాటి లాగుడు భాగాన్ని తాకిందా, లోపల దాగి ఉన్న శక్తంతా ఒక్క క్షణంలో విడుదలై అద్దం మొత్తం పటికబెల్లం ముక్కల్లా రాలిపోతుంది. అలా రాలడం లోపం కాదు, కావాలని చేసిన ఏర్పాటు. పగిలినప్పుడు 5 సెంటీమీటర్ల చదరంలో కనీసం 40 ముక్కలు కావాలని ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలోని 43వ నంబరు వాహన నిబంధన చెబుతుంది. కత్తుల్లాంటి పెద్ద పెంకులు మెడకు తగలకూడదన్నదే దాని ఉద్దేశం.

దీన్నుంచి ఒక పనికొచ్చే సంగతి బయటపడుతుంది. టెంపర్డ్ అద్దంలో మెల్లగా పాకే పగులు అనేదే ఉండదు. అయితే నిలబడి ఉంటుంది, లేకపోతే రాలిపోతుంది. కాబట్టి డోర్ అద్దం మీద సన్నటి పగులు కనిపించి అది రోజురోజుకూ పెరుగుతోందంటే, ఆ అద్దం టెంపర్డ్ కాదు, లామినేటెడ్ అయ్యుండాలి. లేదా అది పగులే కాదు, పైన అంటించిన ఫిల్మ్ చిరగడమో, లోతైన గీత వెలుతురులో అలా కనపడడమో అయ్యుండాలి. వర్క్‌షాపులో "పగులు ఆపుతాం, డ్రిల్ చేసి రెసిన్ పెడతాం" అని ఎవరైనా టెంపర్డ్ అద్దం గురించి అంటే ఆ కారును అక్కడ వదలకపోవడమే మంచిది. టెంపరింగ్ అయ్యాక ఆ గాజును కోయడం, బెజ్జం వేయడం కుదరదు. డ్రిల్ బిట్ లోపలికి దిగగానే అద్దం పోతుంది.

ఏ రకమో తెలుసుకోవడానికి ఫ్రేమ్ లేని తలుపు ఒక మేలు చేస్తుంది. తలుపు తెరిచి, అద్దం పై అంచును పగటి వెలుతురులో దగ్గరగా చూడాలి. అంచు మధ్యలో సన్నటి గీతలా, బిస్కెట్ల మధ్య క్రీములా ఇంకో పొర కనిపిస్తే లామినేటెడ్. ఏకంగా ఒకే గాజు ఉంటే టెంపర్డ్. పోలరైజ్డ్ కళ్లద్దాలు పెట్టుకుని ఏటవాలుగా చూసినా తేడా తెలుస్తుంది. టెంపర్డ్ గాజులో గాలి జెట్లు తగిలిన చోట్లు మసక మచ్చలుగా వరసలో కనిపిస్తాయి. కొందరు ఆ మచ్చలు చూసి అద్దం పాడైందని భయపడతారు. అవి పాడవడం కాదు, తయారీ గుర్తులు. అద్దం మూలన ఉండే ముద్రలోనూ చాలాసార్లు రకం రాసి ఉంటుంది.

చిన్న దెబ్బ ఎందుకు అంత ప్రమాదం అన్న అనుమానం సహజం. దీనికి జవాబు కాలిఫోర్నియా చట్టంలో దొరుకుతుంది. శాన్ ఫ్రాన్సిస్కో బే ఏరియాలో ఉండే తెలుగువాళ్లకు కారు అద్దం పగలగొట్టి బ్యాగు ఎత్తుకుపోయే దొంగతనాల గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. అలాంటి దొంగలు వాడే వస్తువుల్లో ఒకటి స్పార్క్ ప్లగ్ మీది తెల్లటి పింగాణీ పెంకు. గాజు కంటే గట్టిదైన ఆ చిన్న మొన నొక్కుడు పొరను ఒక్కచోట చీల్చుకుని లోపలికి దిగితే చాలు. అరచేత్తో ఎంత గట్టిగా కొట్టినా చలించని అద్దం దానికి లొంగిపోతుంది. దొంగతనం చేసే ఉద్దేశంతో ఆ పెంకులు దగ్గర ఉంచుకోవడమే నేరమని కాలిఫోర్నియా శిక్షాస్మృతి 466వ సెక్షన్ చెబుతుంది. అద్దాన్ని ఓడించేది బలం కాదు, మొన. లారీ చక్రం కింద నుంచి ఎగిరిన కంకర ముక్క చేసిన గుంట సన్నగా, లోతుగా ఉంటే అదీ ఇలాంటిదే. అరచేయంత వెడల్పున పైపైన గీరుకుపోయిన మరక కంటే ఆవగింజంత లోతైన గుంట ఎక్కువ భయపెట్టాలి.

ఇక గీతల సంగతి. గోరును గీతకు అడ్డంగా నెమ్మదిగా జరపాలి. గోరు ఎక్కడా తట్టుకోకపోతే అది పైపై గీత. సీరియం ఆక్సైడ్ పొడితో పాలిష్ చేస్తే పోవచ్చు, లేదా అలాగే వదిలేసినా ఏమీ కాదు. గోరు తట్టుకుని ఆగితే పాలిష్ ఆలోచన వదులుకోవాలి. ఆ లోతు పోవాలంటే చుట్టూ చాలా గాజు అరగదీయాలి. అప్పుడు ఆ చోట పల్లం పడి భూతద్దంలా దృశ్యాన్ని వంచుతుంది. పాలిష్ చేయించిన అద్దం గుండా దూరంగా ఉన్న కరెంటు స్తంభాన్ని చూస్తూ తలను అటూ ఇటూ కదిపితే ఆ లోపం దొరికిపోతుంది. స్తంభం నీళ్లలోలా వంకర్లు పోతుంది. డ్రైవర్ పక్క అద్దంలో ముందువైపు భాగం గుండానే సైడ్ మిర్రర్‌ను చూస్తాం. అక్కడ ఇలాంటి వంకర ఉన్నా, రాత్రి వెనక హెడ్‌లైట్లు పడినప్పుడు గీతలు మెరిసి కళ్లను కప్పేస్తున్నా, గాజు బలంగానే ఉన్నా సరే మార్చేయాలి. అదే గీత వెనక మూలన ఉంటే తొందర లేదు.

డోర్ అద్దం మీద నిలువునా సమాంతరంగా గీతలు పడితే అసలు దోషం అద్దానిది కాదు. తలుపు పై అంచున అద్దం దూరే చోట ఉండే రబ్బరు పట్టీలో, అంటే బీడింగ్‌లో, ఇసుక ఇరుక్కుని ఉంటుంది. అద్దం దిగి ఎక్కిన ప్రతిసారీ ఆ ఇసుక దాన్ని గీస్తుంది. హైదరాబాద్‌లో కట్టడాల మధ్య పార్క్ చేసే కార్లకు ఈ బాధ ఎక్కువ. పైగా ఫ్రేమ్ లేని కారులో తలుపు తీసిన ప్రతిసారీ, వేసిన ప్రతిసారీ అద్దం కదులుతుంది కాబట్టి మామూలు కారు కంటే ఎన్నో రెట్లు రాపిడి పడుతుంది. బీడింగ్‌ను తడి గుడ్డతో తుడవడం, అరిగిపోతే మార్చడం చాలా చిన్న పని. ఆ పని వాయిదా వేసి చివరికి అద్దమే మార్చుకోవలసి రావడం గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడమే. బీడింగ్ మార్చకుండా అద్దం ఒక్కటే కొత్తది వేయిస్తే నెలల్లోనే మళ్లీ అవే గీతలు పడతాయి.

అంచు దెబ్బల విషయంలో మాత్రం ఉదారంగా ఉండకూడదు. టెంపర్డ్ గాజులో అంచే అన్నిటికంటే బలహీనమైన చోటు. ఫ్రేమ్ ఉన్న కారులో అది రబ్బరు లోపల దాక్కుని ఉంటుంది. ఇక్కడ ఇరుకు పార్కింగ్‌లో తలుపు తెరిచినప్పుడు పక్క గోడకో స్తంభానికో మొదట తగిలేది అద్దం పై మూలే. తగిలిన చోట బియ్యపు గింజంత పెచ్చు లేచి, లోపల గవ్వ ఆకారంలో నున్నటి పల్లం కనిపిస్తుంది. చూడ్డానికి ఏమీ కాదనిపిస్తుంది. కానీ ఆ మూల రోజుకు పది సార్లు రబ్బరు గాడిలోకి గుద్దుకుంటుంది, మోటార్ దాన్ని పైకి నొక్కి పడుతుంది, ఎండలో వేడెక్కి ఏసీ గాలికి చల్లారుతుంది. ఏదో ఒక మధ్యాహ్నం తలుపు వేసిన చప్పుడుకే ఒళ్లో గాజు రాలుతుంది. "ఏమీ తగలకుండానే పగిలింది" అని చెప్పే సందర్భాల్లో చాలావాటి వెనక ఇలాంటి పాత అంచు దెబ్బ ఉంటుంది. అంచున గోరు తట్టుకునేంత పెచ్చు ఉంటే మార్చాలి. కొత్త అద్దం వచ్చేదాకా దాన్ని ఎక్కువగా దించకుండా, తలుపు నెమ్మదిగా వేస్తూ నడపాలి.

లామినేటెడ్ సైడ్ గ్లాస్ ఉన్న కార్లకు లెక్క కొంచెం వేరు. చప్పుడు తగ్గించడానికి, ప్రమాదంలో లోపలివాళ్లు బయటికి విసిరేయబడకుండా ఆపడానికి ఖరీదైన కార్లలో వీటి వాడకం పెరిగింది. ఇది పగిలినా రాలదు, అలాగే నిలబడుతుంది. దాంతో వాడుకోవచ్చులే అనిపిస్తుంది. కానీ ముందు అద్దం కదలదు, ఇది రోజూ దిగి ఎక్కుతుంది. పగిలిన లామినేటెడ్ అద్దాన్ని కిందికి దించితే చిట్లిన పెంకులు బీడింగ్‌ను కోసేస్తాయి, మళ్లీ పైకి రాకుండా ఇరుక్కుపోవచ్చు. పగులు కనిపించగానే స్విచ్ ముట్టుకోకుండా మార్చడమే దారి. పగలకపోయినా మార్చాల్సిన లక్షణం ఇంకొకటి ఉంది. అంచు వెంట పాలమీగడ రంగులో తెల్లటి పొర, బుడగలు కనిపిస్తే గాజు పలకల మధ్య పొర విడిపోతోందని అర్థం. బోడి అంచు వానకు తడిసే ఈ కార్లలో అది లోపలికి పాకుతూనే ఉంటుంది.

లామినేటెడ్ అద్దంతో ముడిపడిన ఒక విషయం ప్రాణాలకు సంబంధించింది, అందుకే కాస్త పక్కకు వెళ్లైనా చెప్పాలి. కారు నీళ్లలో పడితే పగలగొట్టడానికని చిన్న సుత్తులు, స్ప్రింగ్ పంచ్‌లు అమ్ముతారు. అమెరికాలోని వాహనదారుల సంఘం ఏఏఏ 2019లో ఆరు పరికరాలు పరీక్షిస్తే నాలుగు టెంపర్డ్ అద్దాన్ని పగలగొట్టాయి. లామినేటెడ్ అద్దాన్ని ఒక్కటీ ఛేదించలేకపోయింది. కాలువ గట్ల మీద రోడ్లున్న గోదావరి, కృష్ణా డెల్టాల్లో తిరిగేవాళ్లు తమ కారులో ఏ అద్దం టెంపర్డో ముందే చూసి పెట్టుకోవాలి. అద్దం మార్చినప్పుడు రకం మారిందేమో కూడా గమనించాలి.

మార్చాల్సింది అద్దం కాదని తేలే సందర్భాలు కూడా తక్కువేమీ కావు. వేగంలో ఈల లాంటి చప్పుడు, వాన పడితే సీటు పక్కన తడి, అద్దం పైకి వెళ్తూ టకటక కొట్టుకోవడం, సగంలో ఆగి మళ్లీ దిగిపోవడం లాంటివి కనిపించగానే అద్దం పోయిందనుకోనక్కర్లేదు. బ్యాటరీ తీసి పెట్టినప్పుడు కిటికీ కంప్యూటర్ తన పై హద్దు మరిచిపోతుంది. తలుపు తీస్తే అద్దం దిగదు, వేస్తే పూర్తిగా లేవదు. కారు మాన్యువల్‌లో చెప్పినట్టు స్విచ్ పట్టుకుని అద్దాన్ని పూర్తిగా కిందికీ పైకీ నడిపి సెట్ చేస్తే చాలాసార్లు అంతటితో తీరిపోతుంది. అద్దాన్ని రెండు చేతులతో పట్టుకుని మెల్లగా లోపలికీ బయటికీ ఊపితే, తలుపు లోపల దాన్ని పట్టి ఉంచే క్లాంపులు వదులయ్యాయేమో తెలుస్తుంది. అద్దాన్ని పైకీ కిందికీ నడిపే రెగ్యులేటర్ కేబుల్ తెగితే అద్దం ఒక వైపుకు ఒరుగుతుంది. ఇవేవీ గాజు తప్పులు కావు. కానీ ఒరిగిన అద్దాన్ని అలాగే వాడితే దాని మూల కప్పు అంచుకు గుద్దుకుని పైన చెప్పిన పెచ్చు లేస్తుంది. అప్పుడు నిజంగానే అద్దం మార్చాల్సి వస్తుంది.

అద్దం పూర్తిగా రాలిపోయాక మార్చాలా అన్న ప్రశ్నే ఉండదు. చూసుకోవలసింది తలుపు లోపల ఏం మిగిలిందన్నది. ముక్కల్లో చాలా భాగం సీటు మీద కాదు, తలుపు పొట్టలో పడతాయి. తలుపు లోపలివైపు ఉండే డోర్ ప్యాడ్ విప్పి వాక్యూమ్ పెట్టి తీయకపోతే అవి అడుగున ఉండే నీటి రంధ్రాలను మూసేస్తాయి, వాన నీళ్లు నిలిచి తుప్పు మొదలవుతుంది. గాడిలో మిగిలిన ఒక్క ముక్క చాలు, కొత్త అద్దాన్ని మొదటి రోజే గీయడానికి. ప్యాడ్ వెనక ఉండే పల్చటి షీటును తిరిగి సరిగ్గా అతికించారో లేదో కూడా చూడాలి. నీళ్లు లోపలికి రాకుండా ఆపేది అదే. కొన్ని కార్లలో పక్కనుంచి గుద్దుకున్నప్పుడు తలుపు లోపలి గాలి ఒత్తిడిని బట్టి ఎయిర్‌బ్యాగ్‌కు సంకేతం పంపే సెన్సర్ ఉంటుంది. ఆ షీటు చిరిగితే దాని లెక్క తప్పవచ్చు.

కొత్త అద్దం ఎంచుకునేటప్పుడు ఎదురు తలుపు అద్దం మూలనున్న ముద్రే కొలబద్ద. పాతది లామినేటెడ్ అయితే కొత్తదీ లామినేటెడే కావాలి. పాతది ఆకుపచ్చ ఛాయ అయితే బూడిద ఛాయది పెడితే ఎండలో తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఫ్రేమ్ ఉన్న కారులో వంపు కాస్త తేడా ఉన్నా రబ్బరు సర్దుకుంటుంది. ఇక్కడ అద్దం వంపే సీల్ కాబట్టి అసలు పార్టుకు బదులు దగ్గరి కొలతల్లో దొరికినది పెట్టడం పొదుపు అవ్వదు. దిగుమతి చేసుకున్న కార్లకు అద్దం రావడానికి వారాలు పట్టవచ్చు. అంచు పెచ్చు కనిపించిన రోజే ఆర్డర్ పెట్టమనడం అందుకే. పాత ఫిల్మ్ పోయింది కదా అని ఈసారి ముదురుగా వేయించుకుందామనే ఆశ కూడా వద్దు. కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 100వ నిబంధన ప్రకారం పక్క అద్దాల గుండా కనీసం 50% వెలుతురు రావాలి.

ఇన్సూరెన్స్‌లో గాజుది ప్రత్యేక స్థానం. మామూలు ప్యాకేజీ పాలసీలో రబ్బరు, ప్లాస్టిక్ భాగాలకు 50% తరుగుదల కోస్తారు గానీ గాజు భాగాలకు తరుగుదల లేదు. అంటే అద్దం ధర దాదాపు పూర్తిగా వస్తుంది, దానితో పాటు వేసే బీడింగ్ ధరలో సగం మాత్రమే వస్తుంది. 1500 సీసీ దాటిన కార్లకు తప్పనిసరి మినహాయింపు, అంటే క్లెయిమ్‌లో మన జేబులోంచి పెట్టుకోవాల్సింది, 2000 రూపాయలు. అసలు ఆలోచించాల్సింది నో క్లెయిమ్ బోనస్ గురించి. ఐదేళ్లు క్లెయిమ్ లేకుండా 50% దాకా తెచ్చుకున్న తగ్గింపు, దాన్ని కాపాడే యాడ్-ఆన్ లేకపోతే, ఒక్క అద్దం క్లెయిమ్‌తో పోతుంది. స్పోర్ట్స్ కార్లకు సొంత కారు నష్టం కోసం కట్టే ప్రీమియంలో ఆ సగం చిన్న మొత్తం కాదు. రెండు అంకెలూ పక్కపక్కన రాసుకుని చూసుకున్నాకే క్లెయిమ్ వేయాలి.

బిగించాక వర్క్‌షాపులోనే చేయగల పరీక్ష ఒకటి ఉంది. ఒక పాత పది రూపాయల నోటును రబ్బరుకూ అద్దానికీ మధ్య పెట్టి తలుపు వేసి మెల్లగా లాగాలి. పై అంచు పొడవునా నాలుగైదు చోట్ల ఇలా చూస్తే ప్రతిచోటా ఒకే రకమైన బిగువు తెలియాలి. ఎక్కడైనా నోటు జారి వచ్చేస్తే అక్కడ అద్దం రబ్బరును నొక్కడం లేదు. తర్వాత అవుటర్ రింగ్ రోడ్డు లాంటి చోట మ్యూజిక్ ఆపి నడిపితే ఈల వినిపిస్తుందో లేదో తెలిసిపోతుంది. వినిపిస్తే కారు ఆపి, అద్దానికీ కప్పుకూ మధ్య సందు మీద పెయింటర్లు వాడే కాగితపు టేపును ముందు భాగంలో జానెడు మేర అంటించి, మళ్లీ అదే వేగంలో నడపాలి. తగ్గకపోతే టేపును మరో జానెడు వెనక్కి జరపాలి. ఏ ముక్క అంటించినప్పుడు ఈల ఆగిందో ఆ ముక్కను అలాగే ఉంచి కారును వర్క్‌షాపుకు తీసుకెళ్లాలి. మెకానిక్ అద్దాన్ని సర్దాల్సిన చోటు సరిగ్గా అదే.